ఖిల్లా ఘాట్‌లో ఆఖరి పెట్టె

దుర్గ గుడి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇప్పటికీ నా కళ్ళు రోడ్డు మీద ఉండవు. నాలుగడుగుల ముందు, ఒక మనిషి మడమలు ఉండవలసిన చోట ఆగుతాయి. అక్కడెవరూ ఉండరు. దీపాల వెలుతురు, పిట్టగోడ, కింద నల్లగా కృష్ణ, అంతే. రెండేళ్ళు కావస్తోంది. కళ్ళకి ఆ అలవాటు పోలేదు.

ఆ మడమలు ఆపావి. ఆపా అంటే అక్క. వాళ్ళిళ్ళల్లో అలా పిలుస్తారని తెలిశాక నేనూ అలాగే పిలిచాను. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. వాళ్ళాయనకి ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ఇల్లు మాత్రం భవానీపురంలోనే, మా వీధికి కాస్త అవతల. ఆ ఇంటికి నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను, అదీ సామాను లారీకెక్కిస్తున్న రోజున. ఆమె మా ఇంటికి వచ్చిందే లేదు. మా స్నేహమంతా తెల్లవారుజామున నది ఒడ్డున మొదలై, ఎండ పొడ పడేసరికి టీకొట్టు దగ్గర ముగిసేది. తర్వాత ఆమె షెడ్డుకి క్యారేజీలు కట్టుకోవాలి, నేను కొట్టు తెరుచుకోవాలి.

మాది జిరాక్సు కొట్టు. నేను పదో తరగతి దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాత చదివిందంతా మా శాఖా గ్రంథాలయంలోనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక మా ఆయన్ని కొట్లో కూర్చోబెట్టి అక్కడికి పోతాను. వైద్యం, భూగోళం, యాత్రలు, చరిత్ర, ఏ బీరువా అనీ లేదు. కొన్ని పుస్తకాలు నేను తప్ప ఎవరూ తీయరని గ్రంథాలయం ఆవిడే అంటుంది. పరుగు కూడా అక్కడే నేర్చుకున్నాను. అట్ట ఊడిపోయిన ఒక వ్యాయామ పుస్తకంలో ఊపిరి ఎలా తీయాలో, చేతులు ఎక్కడ ఉంచాలో బొమ్మలు వేసి చెప్పారు. బొమ్మలన్నీ నిక్కర్లు వేసుకున్న మగవాళ్ళవి. నేను చుడీదారు మీదే మొదలుపెట్టాను.

"డాక్టరు నిన్ను నడవమన్నాడు గానీ పరిగెత్తమన్నాడా?" అన్నాడు మా ఆయన.

"పుస్తకం పరిగెత్తమంది," అన్నాను.

పున్నమి ఘాట్ దగ్గర అప్పటికే ఒక చిన్న గుంపు ఉండేది. దానికి పెద్ద, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన. గార్డుగారనే అందరం పిలుస్తాం. ఆయన మెడలో ఇప్పటికీ విజిలుంటుంది. అది ఊదితే బయల్దేరాలి. మా గుంపుకి ఉన్న నియమం ఒక్కటే, అది ఆయన పెట్టిందే. నేను చేరిన మొదటి రోజే చెప్పారు.

"ఇంజను వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టు కాదమ్మా. ఆఖరి పెట్టె దాటాలి. దాని వీపు మీద ఇంటూ గుర్తు కనపడాలి. అప్పుడే బండి పూర్తిగా వచ్చిందని స్టేషన్లో ఒప్పుకుంటారు. మధ్యలో ఎక్కడో రెండు పెట్టెలు ఊడిపోయి పట్టాల మీద నిలబడి ఉంటే, వెనకొచ్చే బండి గతేంటి?"

అందుకని ఆయన ఎప్పుడూ అందరికంటే వెనకే పరిగెత్తేవారు. బనీను వీపు మీద పసుపు రంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేయించుకున్నారు. ముందు వచ్చినవాళ్ళు ఎంతసేపైనా సరే, ఆ ఇంటూ గుర్తు టీకొట్టు చేరేదాకా గ్లాసు ముట్టకూడదు. టీకొట్టతను కూడా అలవాటుపడిపోయాడు. కొత్తవాళ్ళెవరన్నా ముందు వచ్చి చెయ్యి చాపితే, "ఆగండి సార్, మీ బండి ఇంకా రాలేదు," అనేవాడు. రంజాన్ నెలలో ఆపా పరిగెత్తేది కాదు, టీ ఎలాగూ తాగేది కాదు. అయినా రోజూ నడిచి వచ్చి ఆ బల్ల మీద కూర్చునేది. ఇంటూ గుర్తు కనపడ్డాక లేచి ఇంటికి పోయేది.

గుంపులో అందరిలోకీ వేగం ఆమెదే. ఎవరూ నేర్పలేదు. పుట్టిల్లు గుడివాడ అవతల పల్లె. అక్కడ ఎత్తంటే కాలవ గట్టే. పెళ్ళయి బెజవాడ వచ్చేదాకా కొండ అన్నది చూడనే లేదట. తలకి గుడ్డ బిగించి కట్టి, చిన్న చిన్న అడుగులతో, భుజాలు కదలకుండా పోయేది. నెత్తిన బిందె పెట్టుకున్నట్టు. నేను ఆమె వెనకాలే పోయేదాన్ని. పోతూ పోతూ కబుర్లు చెప్పేదాన్ని.

అది ఎలా మొదలైందో గుర్తులేదు. ఒకరోజు, "నిన్న ఏం చదివావమ్మా?" అంది వెనక్కి తిరక్కుండానే. నేను చదివింది చెప్పాను. మేమున్న ఈ నేలంతా, అవతల సముద్రం దాకా, నది ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చి పరిచిన ఒండ్రేనని. ఆమె "ఊఁ" అంది. ఆ ఊఁ విన్నాక నాకు ఇంకో మాట వచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్లో కథ చెప్పేవాళ్ళు ఊ కొట్టకపోతే కథ ఆపేసేవారు. అది బెదిరింపు అనుకునేదాన్ని. కాదు. ఊ లేకపోతే చెప్పేవాళ్ళకి ఊపిరాడదు. అప్పటి నుంచి రోజూ అంతే. ముందు ఆమె అడుగులు, వెనక నా అడుగులు, మధ్యలో ఏదో దేశం, ఏదో జబ్బు, ఏదో రాజు. ఆమె ఊ ఎప్పుడూ ఎడమ పాదం నేలకి తగిలినప్పుడే వచ్చేది. మా ఇంట్లో ఎవరికీ నా చదువు పట్టదు. చదివినదానికి ఒక చోటు దొరికింది. మధ్యాహ్నం పుస్తకం తెరిచినప్పుడే, రేపు ఇది ఆపాకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచన సాగేది.

ఇలా కొన్నేళ్ళు గడిచాక, ఒక చలికాలంలో ఆపా టీకొట్టు దగ్గర చెప్పింది. వాళ్ళ మరిది కర్నూలులో పెద్ద షెడ్డు తీసుకున్నాడట. ఇక్కడిది ఎత్తేసి వీళ్ళూ అక్కడికే పోతున్నారు. సంక్రాంతి దాటాక.

గార్డుగారు ఉత్తి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. నేను, "కర్నూలు ఎంత దూరం, పొద్దున్న బస్సెక్కితే..." అని మొదలుపెట్టి ఆపేశాను.

అదే వారంలో కొండపల్లి పరుగు గురించి తెలిసింది. ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై, కొండపల్లి ఊళ్ళోంచి, అడవిలో ఘాట్ రోడ్డెక్కి ఖిల్లా దగ్గర ముగుస్తుంది. వయసుల వారీగా బహుమతులు. మొదట వచ్చినవాళ్ళకి కొండపల్లి చెక్క ఏనుగు, అంబారీతో సహా. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి కూడా ఒకటి. వాట్సాప్‌లో దాని ఫొటో వచ్చింది. ఆపా ఆ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఇది నాక్కావాలి," అంది. ఆమె నాకు కావాలి అనడం నేను వినడం అదే మొదటిసారి.

"ఊళ్ళో అమ్ముతారుగామ్మా. వచ్చేటప్పుడు కొనుక్కుందాం," అన్నారు గార్డుగారు.

"కొనుక్కుంటే అది కొట్టువాడి బొమ్మండీ. అక్కడ ఎవరన్నా ఇదేంటని అడిగితే, నేను బెజవాడలో పరిగెత్తేదాన్ని, ఇది నాకిచ్చారు అని చెప్పాలి. లేకపోతే అక్కడ ఎవరికి తెలుస్తుంది, నేను పరిగెత్తేదాన్నని?"

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. ఆ ఏనుగుని ఆమె చేతికిప్పించే పూచీ నాదనుకున్నాను. అట్ట లేని పుస్తకం మళ్ళీ ఇంటికి తెచ్చాను. ఎత్తెక్కేటప్పుడు అడుగు చిన్నది చెయ్యాలి, కొండ కొస వైపు చూడకూడదు, పదడుగుల ముందు నేల చూడాలి అని రాసి ఉంది. కానీ ఎక్కడ ఎక్కుతాం? ఒండ్రు నేల మనుషులం, గుడి కొండ మీద పరుగులు కుదరవు, ఇక మాకున్న కొండ ఫ్లైఓవరే. చీకటితో, బళ్ళు పలచగా ఉన్నప్పుడు దాన్నే ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళం. ఒకరోజు ఒక పోలీసాయన బండి ఆపాడు.

"ఏమ్మా, ఎవరన్నా తరుముతున్నారా?"

"ఏనుగండీ," అంది ఆపా, ఆగకుండా.

ఆయన నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. వెనక నుంచి గార్డుగారు వస్తున్నారు. నవ్వు ఆపుకోలేక నేను పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాను.

పరుగు రోజు పొద్దున్నే ఇబ్రహీంపట్నంలో మంచు. థర్మల్ స్టేషను గొట్టాలు పైభాగం కనపడకుండా సగానికే ఉన్నాయి. అందరికీ ఛాతీ మీద నంబరు కాగితాలు, బూటుకి కట్టుకునే చిన్న బిళ్ళ. గీత దగ్గర పరిచిన పట్టా మీద కాలు పడితే మనకి ఎంతసేపు పట్టిందో ఆ బిళ్ళ చెబుతుందట. చుట్టూ హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రకారు, రంగురంగుల బూట్లు. మా గుంపు నుంచి ముగ్గురమే. గార్డుగారు ఎప్పటిలాగే మా వెనక నిలబడ్డారు. వీపు మీద ఇంటూ గుర్తు.

ఆ రోజు కోసం నేనొక కథ దాచిపెట్టాను. కథ కాదు, జరిగిందే. రైళ్ళు లేని కాలంలో ఉత్తరాల సంచి మోసుకుని పరిగెత్తే తపాలా మనుషుల గురించి ఒక పాత పుస్తకంలో చదివాను. చేతిలో గజ్జెలు కట్టిన కర్ర. ఒకడు కొంత దూరం పరిగెత్తి ఒక గుడిసె దగ్గర సంచి రెండోవాడికి అందిస్తాడు. వాడు అక్కడి నుంచి పరిగెత్తుతాడు. ఒక గుడిసె దగ్గర ఇద్దరు అలా ఏళ్ళ తరబడి కలుసుకున్నారు. దూరం నుంచి గజ్జెల చప్పుడు వినే, ఈ రోజు అవతలివాడి ఒంట్లో ఎలా ఉందో చెప్పగలిగేవారు. కానీ ఒకరి ఊరు ఒకరు చూడలేదు. పిల్లలెంతమందో తెలియదు.

కొండపల్లి ఊళ్ళోంచి పోతూ ఇదంతా చెప్పాను. ఆపా ఊ కొడుతూనే ఉంది. అరుగుల మీద జనం చేతులూపుతున్నారు. ఒక ముసలావిడ, "ఎవరి పిల్లలమ్మా మీరు, ఈ వయసులో?" అని అరిచింది. ఊరు దాటగానే అడవి మొదలైంది. రోడ్డు ఒక్కసారిగా లేచింది.

మొదటి రెండు మలుపులూ బాగానే ఎక్కాం. ఆపా వయసు ఆడవాళ్ళెవరూ ముందు లేరు. మూడో మలుపులో నా కుడి పిక్క పట్టేసింది. కాలు కింద పెట్టలేకపోయాను. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాను. ఆపా ఆగింది.

"నువ్వు పో ఆపా."

"కథ మధ్యలో ఉంది."

"పైన చెబుతాను. ముందు నువ్వు పో. ఏనుగు పోతుంది."

ఆమె కదల్లేదు. ఈలోగా గార్డుగారు అందుకున్నారు. "వెళ్ళమ్మా, వెనక నేనున్నాగా," అని విజిలు ఊదారు. విజిలు వింటే మా కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఆపా ఒకసారి నా వైపు చూసి తిరిగింది. మలుపు తిరిగేదాకా ఆమె మడమలు చూశాను. తర్వాత చప్పుడు విన్నాను. తర్వాత అదీ లేదు. చెట్లల్లో ఏదో పిట్ట కూస్తోంది. ఆమె లేకుండా ఇక ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది. పిక్క కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

గార్డుగారు నా పాదం పట్టుకుని వేళ్ళు వెనక్కి వంచారు. కండ వదిలాక కుంటుతూ బయల్దేరాం. ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు మమ్మల్ని దాటిపోయారు. నాకు దిగుల్లేదు. ఆపా ఈపాటికి పైకి చేరి ఉంటుంది. ఏనుగు తొండం ఏ చేత్తో పట్టుకుంటుందో ఊహించుకుంటూ ఎక్కాను.

ఆఖరి మలుపు తిరగ్గానే గాలి నింపిన తోరణం కనపడింది. దాని కింద తెల్ల గీత. గీతకి ఇవతల, పదడుగుల దూరంలో, రోడ్డు పక్కగా ఆపా నిలబడి ఉంది. మా వైపు చూస్తోంది. వెనక నుంచి నిర్వాహకుల పిల్లలు గొంతు చించుకుంటున్నారు. "ఆంటీ! రండి! దాటండి ఆంటీ!" ఆమె వాళ్ళకి చెయ్యి ఊపి, "వస్తున్నారు, వస్తున్నారు," అంటోంది. నా కళ్ళముందే ఎర్ర బనీను వేసుకున్న ఒకావిడ ఆమె పక్క నుంచి పోయి గీత దాటింది. పట్టా కీచుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏనుగు ఆవిడది.

నేను ఆ కుంటికాలితోనే పరిగెత్తాను.

"ఏం పని ఇది ఆపా? ఎందుకాగావు?"

"మీరు రాలేదుగా," అంది.

"గీత దాటి ఆగొచ్చుగా!"

ఆమె ఒకసారి గీత వైపు చూసింది. అప్పుడు తట్టినట్టుంది. మొహం ఎర్రబడింది. వెంటనే భుజం ఎగరేసి, "గీత ఎక్కడికి పోతుందమ్మా? అక్కడే ఉంటుందిగా," అంది.

గార్డుగారు టోపీ తీసి నెత్తి తుడుచుకున్నారు. "అన్నీ చెప్పాను గానీ, ఇది పందెం, పాసింజరు బండి కాదని చెప్పలేదమ్మా నీకు."

"ఇన్నేళ్ళు నేర్పింది ఒక్క పొద్దున్నే మర్చిపోమంటే ఎలాగండీ?"

ముగ్గురం కలిసి దాటాం. పట్టా మూడుసార్లు కీచుమంది. చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు, అప్పటికి అందరూ అరటిపళ్ళ దగ్గర ఉన్నారు. బహుమతులిచ్చేటప్పుడు ఆపా చప్పట్లు కొట్టింది. ఆ ఎర్ర బనీను ఆవిడ ఏనుగుని రెండు చేతుల్తో నెత్తి మీదకి ఎత్తినప్పుడు మాత్రం బూటు తాడు కట్టుకోవడానికి వంగింది. తాడు ఊడలేదు. నేను చూశాను.

దిగేటప్పుడు ఆటోలో వచ్చాం. బొమ్మల కొట్ల ముందు ఆటో ఆపమన్నాను. అద్దాల వెనక ఏనుగులు బారులు తీరి ఉన్నాయి. ఆపా నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. దిగకు."

"నేను కొనిస్తాను. నా గుర్తుగా ఉంచుకో."

"దాన్ని చూసినప్పుడల్లా ఓడిపోయింది గుర్తొస్తుంది. పోనివ్వు బాబూ," అంది ఆటో అబ్బాయితో. ఆటో కదిలాక, "కథ చెప్పు. గుడిసె దగ్గర ఇద్దరూ ఏమయ్యారు?" అంది.

ఆ కథ కొస నాకు మొదటి నుంచీ తెలుసు. చెప్పాలనిపించలేదు, కానీ దాటెయ్యడానికీ మాట దొరకలేదు.

"రైలు వచ్చింది ఆపా. సంచి రైల్లో పోయింది. గుడిసె తీసేశారు."

గార్డుగారు ముందు సీట్లోంచి, "చివరికి నేరం మా మీదకే వచ్చిందన్నమాట," అన్నారు. ఎవరం నవ్వలేదు.

"వాళ్ళిద్దరూ?"

"పుస్తకంలో లేదు."

"ఇంకో పుస్తకంలో ఉంటుందేమో వెతుకు," అంది.

వెతికాను. మా శాఖలో లేదు. బెజవాడలో పెద్ద గ్రంథాలయానికి రెండుసార్లు వెళ్ళాను. మంగళగిరిలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయంలోనూ అడిగాను. తపాలా గురించి ఉన్నాయి, రోడ్ల గురించి, రైళ్ళ గురించి ఉన్నాయి. ఆ ఇద్దరి గురించి ఎవరూ రాయలేదు.

సామాను లారీ బయల్దేరే రోజున వాళ్ళింటికి వెళ్ళాను. వీధంతా మంచాలు, బిందెలు. వాళ్ళాయనకి నేనెవరో తెలియలేదు. "జిరాక్సు కొట్టావిడ," అని చెప్పింది ఆపా, ఆమెకి నా గురించి ఇంకేం చెప్పాలో తోచక. నేను మంచినీళ్ళు తాగి వచ్చేశాను. ఆమె బూట్లు గుమ్మం పక్క ఒక ప్లాస్టిక్ సంచిలో, ముడి వేసి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న గార్డుగారు అందరితో పాటు టీకొట్టు చేరారు. ఇంటూ గుర్తు వచ్చేసింది. అయినా ఎవరూ గ్లాసు తీసుకోలేదు. టీకొట్టతను గరిటె పట్టుకుని మా మొహాలు చూశాడు.

"పొయ్యవయ్యా. అందరం వచ్చేశాం," అన్నారు గార్డుగారు. "ఆ పెట్టెని వేరే బండికి తగిలించారు."

తాగాం. నాలుక కాలింది. అన్నేళ్ళుగా చల్లారిన టీ తాగిన నోళ్ళు మావి.

మొదట్లో ఫోన్లో కలిసి పరిగెత్తాలని చూశాం. ఇద్దరం చెవుల్లో తీగలు పెట్టుకుని, ఆమె కర్నూలులో, నేనిక్కడ. నేను చదివింది చెప్పేదాన్ని. ఆమె ఊఁ అనేది. కానీ ఆ ఊఁ కాస్త ఆలస్యంగా వచ్చేది. నేను తర్వాతి మాట మొదలుపెట్టాక వచ్చి దానికి అడ్డం పడేది. ఆగితే రెండు వైపులా రొప్పు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆమె తుంగభద్ర ఒడ్డున పరిగెత్తేది. ఆ నీళ్ళు వచ్చి కృష్ణలోనే కలుస్తాయి ఆపా, ఎప్పటికో మా ఘాట్‌కి చేరతాయి, అని నాకు తెలిసిన భూగోళం చెప్పాను.

"అయితే నా ఊఁ కూడా ఆ నీళ్ళతోనే వస్తున్నట్టుంది," అంది.

తర్వాత కోడలి పురుడు, తర్వాత మనవరాలు. రోజూ అన్నది వారానికోసారి అయింది, తర్వాత పండగలకి అయింది. తప్పు ఎవరిదీ లేదు. మాట్లాడుకుంటే బాగానే మాట్లాడుకుంటాం. ఆరోగ్యాలు, ధరలు, పిల్లలు. అన్నేళ్ళూ మాకు తెలియని విషయాలన్నీ ఇప్పుడు తెలిశాయి. ఆమె పిల్లల చదువులు తెలుసు, చక్కెర ఎంతుందో తెలుసు. నాకు కావలసింది మాత్రం అది కాదు. ఎడమ పాదంతో పాటు పడే ఆ ఒక్క అక్షరం. చదువుతున్న పుస్తకంలో మంచి మాట తగిలినప్పుడల్లా గుండె ఒక్కసారి రేపటి పొద్దున్నకి పరిగెత్తి, అక్కడ ఎవరూ లేక తిరిగొస్తుంది.

పోయిన ఏడు నేను కొండపల్లి పోలేదు. ఈ చలికాలం గార్డుగారు ఊరుకోలేదు. ముందు రోజు ఆపాకి ఫోన్ చేసి చెప్పాను.

"ఆ ఇద్దరి సంగతి దొరికిందా?" అంది, నేను అనుకోని విధంగా.

"ఎక్కడా లేదు ఆపా."

"ఇన్ని పుస్తకాలు చదివావు. లేకపోతే నువ్వే చెప్పు. రేపు కొండెక్కుతూ ఆలోచించు. పైకెళ్ళాక ఫోన్ చెయ్యి, వింటాను."

కొండ అలాగే ఉంది. మూడో మలుపులో ఆ రాయీ ఉంది. ఈసారి పిక్క పట్టలేదు. నేనూ నలభై అయిదు దాటాను, నాకూ ఇప్పుడు ఆ ఏనుగుల వరసలో పేరుంది. ముందు ఎంతమంది ఉన్నారో చూడలేదు. పదడుగుల ముందు నేల చూస్తూ, ఆ ఇద్దరి గురించి ఆలోచిస్తూ ఎక్కాను. అడవిలో సిగ్నల్ ఉండదు. ఆఖరి మలుపు దాటాక ఫోను జేబులో కుయ్యిమంది. తోరణం కనపడింది. గీతకి పదడుగుల ఇవతల, ఆమె నిలబడ్డ వైపే, రోడ్డు పక్కకి జరిగి ఫోన్ చేశాను.

"చెప్పు," అంది ఆపా.

రొప్పుతూనే చెప్పాను. గుడిసె తీసేశాక కూడా మొదటివాడు మానలేదు. రోజూ పొద్దున్న సంచి లేకుండానే అక్కడిదాకా పరిగెత్తి, గజ్జెల కర్ర ఒకసారి నేలకేసి పొడిచి, వెనక్కి పోయేవాడు. రెండోవాడూ మానలేదు. కానీ వాడిప్పుడు కూలికి పోతున్నాడు, అందుకని సాయంత్రం వచ్చేవాడు. ఇద్దరూ ఒకరికొకరు కనపడలేదు. నేల మీద కర్ర దిగిన గుంటలు మాత్రం ఇద్దరూ చూసేవారు. గుంట కొత్తగా ఉంటే, ఈ రోజు కూడా వచ్చాడన్నమాట అనుకునేవారు.

ప్రతి మాటకీ ఆగాను. ప్రతిసారీ, కొంచెం వెనగ్గా, ఊఁ వచ్చింది.

గీత దగ్గర పిల్లలు అరుస్తున్నారు. "ఆంటీ, ఫోను తర్వాత! దాటండి!" ఎవరో నన్ను రాసుకుంటూ పోయారు. పట్టా కీచుమంది.

"ఏంటా గోల? నువ్వింకా గీత దాటలేదా?" అంది ఆపా.

"లేదు."

"ఏం చేస్తున్నావక్కడ?"

గార్డుగారు మలుపు తిరిగి వస్తున్నారు. నన్ను చూసి, ఏమీ అడక్కుండా, పక్కన వచ్చి ఆగారు.

"ఇంకో పెట్టె రావాలి ఆపా," అన్నాను.

అటు వైపు ఏమీ వినపడలేదు. లైను తెగిందేమో అనుకుని ఫోను చెవికి ఇంకా నొక్కిపెట్టాను. గార్డుగారు విజిలు చేతిలో పట్టుకుని, ఊదకుండా నిలబడ్డారు. చాలాసేపటికి, తుంగభద్ర నీళ్ళంత ఆలస్యంగా, "ఊఁ," అని వచ్చింది.